అప్‌డేట్: ఉమామహేశ్వరం పోయొచ్చినం, పాలపిట్ట దొరికింది

దసరా సెలవుల్ల అచ్చంపేట దిక్కు గుట్టలెక్కి పిట్టల ఫొటోలు తీయాలె, ఎక్కడికి పోతే మంచిది, దూరంది దగ్గరగ చూపే 300 ఎంఎం లెన్స్ సరిపోతదా అని అడిగిన కదా అన్నా. మీరందరు చెప్పినట్టే చీకటితోనే గుట్ట కింద రంగాపూర్ ఊరు చేరి ఎండ రాకముందే ఉమామహేశ్వరం గుడి ఉన్న గుట్టెక్కుడు షురూ చేసినం, వానలు ఇప్పుడే తగ్గినయి కదా అడవంత పచ్చగుంది, గుడి దగ్గరి పాపనాశనం తీర్థం కాడ బండ కిందికెల్లి నీళ్లు చుక్క చుక్క పడుతనే ఉన్నయి.

దిగేటప్పుడు ఎండుకొమ్మ మీద పాలపిట్ట. కూసుంటే మట్టిరంగే, లేచి రెక్క ఇప్పిందంటే ఆ నీలం చూసి నాకు మాట రాలే! షట్టర్ స్పీడు సెకనుల 1/250 వంతు పెట్టి తీసిన మొదటి ఫొటోలన్ని మసకొచ్చినయి, ఎవరో 1/2000 పెట్టమన్నది యాదికొచ్చి మార్చిన, ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే సెట్టింగ్) పెరిగి కొంచెం గ్రెయిన్, అంటే ఇసుకలెక్క చుక్కలు, వచ్చింది గని ఈక ఈక కనవడుతుంది. 300 సరిపోయింది, పిట్ట తావుకు మనం ఉరకొద్దు, కదలకుండ కూసుంటే అదే దగ్గరికొస్తది.

తెల్లారి నల్లమల అడవిల ఫరహాబాద్ సఫారీకి పోయినం, పులి కనవడలే, దుప్పులు మస్తు కనిపించినయి. వచ్చేటప్పుడు రోడ్డు మీద సీతాఫలాలు గంపెడు తెచ్చుకున్నం. చెప్పినోళ్లందరికి దండాలు, కార్తీకంల మల్లెలతీర్థం జలపాతానికి పోతున్న.