జీతం పడిన రాత్రి శోధనను ఎలా దాటుతున్నారు?

గంటస్తంభం_తమ్ముడు:
అందరికీ వందనాలు. మాది విజయనగరం. ఒక హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ చేస్తాను. ఒకటో తారీఖున జీతం పడుతుంది, ఆ రాత్రే ఫోన్‌లో రమ్మీ. పోయిన నెల 14 వేలలో 9 వేలు పోయాయి. ఓనర్ ఇంకా ఇవ్వలేదని అమ్మకి అబద్ధం చెప్పాను. ఆదివారం ఆరాధనలో ఏడ్చి ప్రార్థన చేసుకున్నాను, బుధవారం మళ్ళీ ఆడాను. ‘మమ్మును శోధనలోకి తేక’ అంటుండగానే జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే 500 బోనస్ అట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రార్థన కాకుండా మీరు ఇంకేం చేస్తారు? ప్రసంగం వద్దండి, మీకు జరిగింది చెప్పండి.

వాక్యం_ముందు:
బ్రదర్, ప్రసంగం కాదు గానీ ఒక్క మాట. మత్తయి సువార్త 4లో శోధకుడు, అంటే సాతాను, వచ్చింది 40 రోజుల ఉపవాసం తర్వాత, ప్రభువుకి ఆకలేసినప్పుడు. ఆయన చెప్పిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోవే. అప్పటికప్పుడు వెతుక్కున్నవి కావు, లోపల ఉన్నవి. వాక్యం కంఠతా పట్టండి.

ఆమదాలవలస_అన్న:
కంఠతా వచ్చినోణ్ణే తమ్ముడూ నేను. సండే స్కూల్లో ప్రైజులు కూడా కొట్టాను. అయినా ఆరేళ్లు తాగాను. యోసేపు ముందు మాటతో కాదన్నాడు, యజమాని భార్య అతని వస్త్రం పట్టుకునేసరికి దాన్ని వదిలేసి బయటికి పరుగెత్తాడు. నాకు మాట చేతకాలేదు, పరుగు చేతనైంది. శ్రీకాకుళంలో డ్యూటీ దిగి వస్తుంటే మా స్టాప్ ఎదురుగానే వైన్ షాపు. అందుకని ఒక స్టాప్ ముందే దిగి సందుల్లోంచి నడిచి వస్తాను. మోకాలు నొప్పి, మా ఆవిడ వెక్కిరింత, వానాకాలం బురద, అన్నీ ఉన్నాయి. రెండేళ్లు ఇలాగే నెట్టాను. పోయినేడాది బావమరిది పెళ్లిలో మళ్ళీ పడ్డాను. పెళ్లింట్లో ముందే దిగిపోడానికి స్టాప్ ఏది మరి?

పలాస_అక్క:
నేను జీడిపప్పు పనికి వెళ్తాను. పొట్టు తీసిన పప్పుకి కిలో లెక్కన కూలి. కళ్ల ముందు ఎప్పుడూ పప్పే, చేతులకి దాని వాసనే. ఒకసారి పాపకి జ్వరం, నోటికి ఏదీ సహించట్లేదు. తూకం అయిపోయిన డబ్బాలోంచి గుప్పెడు తీసి కొంగున ముడేశాను. గేటు దగ్గర ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి నేతిలో వేపి పెడదామనుకుంటే, అది ముడి చూసి, ‘కొన్నావా అమ్మా?’ అంది. ఊఁ అనలేకపోయాను. రాత్రి నిద్ర లేదు. మర్నాడు పట్టుకెళ్లి ఆ డబ్బాల వైపే పోశాను. నా ట్రేలో పోస్తే మళ్ళీ తూకానికొచ్చి కూలి పడుతుంది కదా, అది రెండో దొంగతనం. అప్పట్నుంచి పనిలో కూర్చునే ముందు కొంగు నడుముకి బిగించేస్తాను, ముడేసే చెంగు మిగలదు. ఎవరైనా అడిగితే పని సులువుకి అంటాను.

వాక్యం_ముందు:
అక్కా, ఇది చదివి నా పోస్ట్ తీసేద్దామనుకున్నాను.

పలాస_అక్క:
తీయకు నాన్నా. అది కూడా కావాలి.

బొబ్బిలి_మాస్టారు:
తమ్ముడూ, ఇంకో సంగతి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ మన రాష్ట్రంలో 2020లోనే నిషేధం. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. నీకు వచ్చేది ఏదో దొంగ లింకు అయి ఉంటుంది. ఫిర్యాదు చేద్దామన్నా ముందు ఆడానని చెప్పుకోవాలి, నీ సిగ్గే వాళ్లకి పెట్టుబడి. ఇక ప్రతిదానికీ సాతాను మీద పెట్టేయడం నాకు నచ్చదు. యాకోబు 1:14 చూడు, మనిషిని ఈడ్చేది సొంత ఆశే అంటాడు. అమ్మకి నిజం చెప్పు. ముందు అది.

గంటస్తంభం_తమ్ముడు:
మాస్టారూ, అదే భయం. ఆవిడకి బీపీ.

ఆమదాలవలస_అన్న:
అమ్మలకి ముందే తెలిసిపోతుందిరా. తెలియనట్టు ఉంటారంతే.

గంటస్తంభం_తమ్ముడు:
ఇవాళ ఒకటో తారీఖు. మధ్యాహ్నం జీతం పడింది. షాపులోంచే 10 వేలు అమ్మ ఖాతాకి పంపేశాను. ఇంటికొచ్చి చెప్పాను. తిట్టలేదు, కంచం నా ముందుకి తోసి, ‘తొమ్మిదేనా, ఇంకా ఉన్నాయా?’ అంది. ఉన్నాయి, ఇంకో నాలుగు. అవీ చెప్పాను. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది. నా ఫోన్ అమ్మ తలగడ కింద ఉంది, ఇది చెల్లి ఫోన్. నిద్ర రావట్లేదు, వేళ్లు ఊరికే కదులుతున్నాయి.

పలాస_అక్క:
చెల్లి ఫోన్ కూడా ఇచ్చేసి పడుకో తమ్ముడూ. నాకు పొద్దున్నే పని ఉంది, రేపు సాయంత్రం మాట్లాడతాను.