లావుగలవానికంటెను: ఇక్కడ లావు బలమా, ఒళ్ళా? (ధమనిక గోడకు వాడదగిన మాట కోసం)

వ్యాసకర్త:
రక్తపోటు ముదిరేకొద్దీ చిన్న ధమనుల్లో వచ్చే మార్పుల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. "గోడ లావెక్కుతుంది, లోదారి ఇరుకవుతుంది" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అప్పటి నుంచి "గ్రావమంత గజంబును" అనే సుమతి పాదం వదలడం లేదు. ఆ పద్యం మొదట "లావుగలవానికంటెను" అన్నచోట లావు అంటే బలమా, శరీరమా? బలమే అయితే, జబ్బుపడ్డ గోడకు ఆ మాట తగుతుందా?

పద్యప్రియుడు:
"గ్రావమంత" కాదండీ, "గ్రావంబంత". కందం మూడో పాదానికి పన్నెండు మాత్రలు కావాలి. మీ పాఠంలో ఒకటి తగ్గుతోంది. అర్థం బలమే. పోతన గజేంద్రుడు "లావొక్కింతయు లేదు" అని మొరపెట్టుకున్నది ఒళ్ళు తగ్గిందని కాదు కదా.

నిఘంటువు పిచ్చి ఉన్నవాడు:
ఒప్పుకోను. రెండో పాదం "నీతిపరుడు బలవంతుండౌ" అని ముగుస్తుంది. లావే బలమైతే వెంటనే బలవంతుడనే మాట ఎందుకు? పైగా ఉపమానం కొండంత ఏనుగు, దాని మీద మావటి. ఆకారం లేకపోతే ఆ పోలిక నిలవదు.

పద్యప్రియుడు:
ఒళ్ళు బలం ఉన్నవాడికన్నా నీతి ఉన్నవాడే అసలు బలవంతుడు అని ఆ మాటకు కొత్త అర్థం ఇస్తున్నాడు కవి. మాట మార్చడంలోనే పద్యం ఉంది.

పాథాలజీ టీచరు:
మీ ఇద్దరి వాదమూ లండన్‌లో ఒకసారి వైద్యుల మధ్య జరిగింది. బ్రైట్ వ్యాధి (దీర్ఘకాలపు మూత్రపిండాల జబ్బుకు పాత పేరు) రోగుల మూత్రపిండాల్లో చిన్న ధమనుల గోడలు దళసరి కావడం చూసి, 1868లో జార్జ్ జాన్సన్ అది కండరం పెరగడమేనన్నాడు. నాళం ఎక్కువ పని చేస్తోంది కాబట్టి కండరం బలిసింది, అంటే పోతన లావు. 1872లో విలియం గల్, హెన్రీ సటన్ కాదన్నారు. గోడలో గాజులా మెరిసే నారపదార్థం పేరుకుందని, దాని వల్లే మందమని వారి మాట. అది బలం లేని మందం. దీర్ఘకాలపు రక్తపోటులో రెండూ కనిపిస్తాయి. అందుకే నాకు "దళసరి" నచ్చుతుంది. అది బలం సంగతి ఎత్తదు.

శరీరధర్మ విద్యార్థి:
టీచరుగారూ, దళసరి అన్నా ఏదో కొత్తగా చేరినట్టే వినిపిస్తుంది. తొలి దశలో చాలామందిలో చిన్న ధమనులకు ఏమీ చేరదు. పాత బావిని విప్పి, అవే ఇటుకలతో ఇరుకుగా కట్టినట్టు, ఉన్న కండర కణాలే చిన్న వలయం చుట్టూ సర్దుకుంటాయి. అడ్డుకోతలో గోడ వైశాల్యం అంతే ఉంటుంది, మందం మాత్రం పెరుగుతుంది. 1989లో బాంబాక్, హైస్టాడ్ అనే పరిశోధకులు రక్తపోటు ఉన్న ఎలుకల మెదడు ధమనికల్లో (అతి చిన్న ధమనుల్లో) బయటి వ్యాసం కూడా తగ్గిందని చూపారు. గోడ లోపలికి ఉబ్బడం ఒక్కటే కారణమైతే బయటి వ్యాసం తగ్గనక్కరలేదు.

ఇరుకు కొంచెమైనా ఫలితం పెద్దది. ప్రవాహానికి నిరోధం వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, వ్యాసార్ధం పదో వంతు తగ్గితే నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త బ్యోర్న్ ఫోల్కోవ్ 1950లలోనే చూపింది ఇదే. నాళాలను పూర్తిగా సడలించినా రక్తపోటు రోగుల్లో నిరోధం మామూలుకు రాలేదు, అంటే ఇరుకు నిర్మాణంలోనే చేరిపోయింది.

నిఘంటువు పిచ్చి ఉన్నవాడు:
కానీ గోడ మందమై లోదారి చిన్నదైతే, గోడలో ఒక్కో పొర మోసే ఒత్తిడి తగ్గుతుంది. పోటును తట్టుకోవడానికే నాళం అలా మారింది. అది బలం కాదా? లావు మాటనే ఉంచండి.

పద్యప్రియుడు:
చూశారా, చివరికి నా అర్థానికే వచ్చారు! అయితే విద్యార్థి చెప్పిన సర్దుబాటుకు మాట ఆ గజేంద్రుడి పద్యంలోనే ఉంది: "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను". కణాలు ఠావులు తప్పాయి అనండి. ఎంత అందంగా ఉంటుంది! ఆ ఒక్క పద్యంలో శరీరం కూలిపోయే క్రమమంతా చెప్పాడు పోతన: ముందు లావు, తర్వాత ధైర్యం, ప్రాణాలు, మూర్ఛ, అలసిన తనువు.

పాథాలజీ టీచరు:
పద్యం అందం కాదనను. ఠావు తప్పడం మాత్రం చెదిరిపోవడం. ఈ కణాలు చెదరలేదు, కొత్త చోట కుదురుకున్నాయి. ఠావు మారాయి అనాలి.

శరీరధర్మ విద్యార్థి:
నేను మాత్రం "తప్పడం" వైపే. రక్తపోటు ఉన్నవారిలో పిరుదు చర్మం కింది నుంచి తీసిన చిన్న ధమనుల్ని పరీక్షించారు. ఏడాది పాటు లోసార్టాన్ అనే రక్తపోటు మందు వాడినవారిలో గోడకూ లోదారికీ నిష్పత్తి మామూలుకు దగ్గరైంది. అటెనలాల్ అనే మరో మందు పోటును దాదాపు అంతే తగ్గించినా నాళాల తీరు మార్చలేదు. తిరిగి రాగలిగాయంటే ఠావు తప్పినట్టే కదా?

వ్యాసకర్త:
ప్రస్తుతానికి "మందం" అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. ఇంకొకటి అడగాలి. కేశనాళికల సంఖ్యే తగ్గిపోవడాన్ని "పలచబడటం" అంటే, గోడ పలచబడిందని పొరబడతారా? "సన్నగిల్లడం" ఎలా ఉంటుంది?

పద్యప్రియుడు:
సన్నగిల్లడం ఆశలకు, నీళ్ళకు. నాళాల లెక్కకు ఎవరైనా వాడారా? ప్రయోగం చూపండి.