ఝ పార్లరే: మూడు సిలబుల్సా, రెండా?

గోదారిగట్టు: కెనడా వెళ్లేవాళ్లు రాసే ఫ్రెంచ్ పరీక్ష ఉంది కదా, టెఫ్ కెనడా, దాని స్పీకింగ్‌కి చదువుతున్నా. కండిషనల్ (అలా అయితే ఇలా చేస్తా అనే క్రియారూపం) దగ్గర టెన్షన్ మొదలైంది. 'వీలైతే మాట్లాడతా' అనే అర్థంలో వాడే 'ఝ పార్లరే'ని పుస్తకం పార్-ల-రే అని మూడుగా విరిచింది. ట్యూటర్ పార్ల్-రే అని రెండే పలుకుతున్నారు. ఏది పట్టుకోవాలి?

పాతపుస్తకం: మూడే. మొదటి నుంచే మధ్యలో 'అ' మింగేస్తే వినేవాళ్లకి గొణిగినట్టుంటుంది.

మోన్రియల్_మామ: నేను ఒప్పుకోనండీ. పుస్తకంలో ఆ అడ్డగీత లైను చివర పదం విరవడానికి, నోటికి కాదు. ఇక్కడ క్యూబెక్‌లో మామూలు మాటల్లో పార్ల్-రే అనే అంటారు. అయితే 'నూ' (మేము), 'వూ' (మీరు) రూపాల్లో ఆ మధ్య 'అ' తీసేయకూడదు. ఫ్యూచర్‌లో 'నూ పార్ల్-రోఁ' అనొచ్చు, కండిషనల్‌లో 'నూ పార్-ల-ర్యోఁ' అనాలి. అది తీస్తే ల్, ర్, య్ మూడూ గుద్దుకుంటాయి, ఫ్రెంచివాళ్లకే నోరు తిరగదు. 'ఉంటాం' అనే 'నూ స్రోఁ', కండిషనల్‌లో 'నూ స-ర్యోఁ' అయ్యేదీ అందుకే. 'మీరు కోరుకుంటారు' అనే కండిషనల్ 'వూ వుద్రియే'లో తీయడానికి 'అ' లేదు కాబట్టి 'ఇ' నిలబడుతుంది: వు-ద్రి-యే.

తులూజ్_రమ్య: మా దక్షిణ ఫ్రాన్స్‌లో చాలామంది, ముఖ్యంగా పెద్దవాళ్లు, ఆ 'అ'ని చక్కగా పలుకుతారు. మరి వాళ్లది గొణుగుడూ కాదు, తప్పూ కాదు కదా!

పాతపుస్తకం: అదే నేనూ అంటున్నా. ఇంకోటి, ఫ్యూచర్ 'ఝ పార్లరే'కీ దీనికీ చివర తేడా ఎవరూ చెప్పలేదు. ఫ్యూచర్‌ది మన 'వేడి'లో ఏ. కండిషనల్‌ది 'మేడ'లో ఏ, నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది.

తులూజ్_రమ్య: ఇక్కడ రెండూ 'వేడి'లో ఏ లాగే వినిపిస్తాయి. పారిస్‌లోనూ చాలామందికి ఆ తేడా పోయింది. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు.

మోన్రియల్_మామ: క్యూబెక్‌లో పోలేదమ్మా, బెల్జియంలో కూడా బాగానే ఉంది. కెనడా వస్తానంటున్న మనిషి నేర్చుకుంటే నష్టమేముంది? 'అ' మింగడం మాత్రం చెవికి అలవాటు చేసుకోవాలి. లేకపోతే వీధిలో ఒక్క ముక్క అర్థం కాదు.

గోదారిగట్టు: మరి పరుగెత్తడం, 'కురీర్'? కండిషనల్‌లో రెండు 'ర్'లు రాస్తున్నారు, రెండూ పలకాలా?

పాతపుస్తకం: అక్కడ తగ్గొద్దు. 'ఝ కురే' అంటే అప్పట్లో పరుగెత్తేదాన్ని అని. 'ఝ కుర్‌రే' అని ర్ ఒత్తి పలికితేనే కండిషనల్.

మోన్రియల్_మామ: ఈ ఒక్కదాంట్లో మీతో గొడవ లేదండీ.