చర్చ: 1991లో కువైట్ కోసం అమెరికా యుద్ధం చేయడం సరైనదేనా?

డాలస్ రఘు
పోయిన వారం ఇంకో చర్చలో "అమెరికా బయటి గొడవల్లో తలదూర్చకూడదంటున్నారు, మరి కువైట్ సంగతేంటి?" అని రాజంపేట అబ్బాయి అడిగారు. అక్కడ చర్చ పక్కదారి పట్టకూడదని ఇక్కడ విడిగా రాస్తున్నాను.

నేను లిబర్టేరియన్‌ని. ప్రభుత్వం తన హద్దుల్లో తాను ఉంటేనే మనిషికి స్వేచ్ఛ అని నమ్మేవాడిని. అలాంటివాడు పన్నుల గురించి గొంతు చించుకుని, యుద్ధం దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంటే అర్థం లేదు. ప్రభుత్వాన్ని యుద్ధం పెంచినంతగా ఇంకేదీ పెంచదు. అమెరికాలో ఉన్నవాళ్లు మీ పే స్టబ్ (జీతం చీటీ) తీసి చూడండి. జీతం చేతికి రాకముందే ఫెడరల్ విత్‌హోల్డింగ్ (ముందే కోసే ఆదాయపు పన్ను) అని ఒక వరుసలో డబ్బు కోసేసి ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం ఖర్చు కోసం 1943లో తెచ్చిన పద్ధతి అది. యుద్ధం 1945లో అయిపోయింది, కోత ఉండిపోయింది. 1917లో ఎస్పియనేజ్ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది ఒహాయోలోని కాంటన్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా ప్రసంగించినందుకు ఆ చట్టం కిందే సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కి పదేళ్ల జైలుశిక్ష వేశారు. 1942 నుంచి దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను క్యాంపుల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే.

1990లో ఇరాక్ పాలకుడు సద్దాం కువైట్‌ను ఆక్రమించాడు, అది దురాక్రమణే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ అది అమెరికా మీద దాడి కాదు. అమెరికా అందరి స్వాతంత్ర్యాన్నీ మనసారా కోరుకుంటుంది, యుద్ధం చేసి కాపాడేది మాత్రం తనదాన్నే అని అప్పటి విదేశాంగ మంత్రి జాన్ క్విన్సీ ఆడమ్స్ 1821లో చెప్పాడు. నా వాదన కూడా అంతే. అందరితో వ్యాపారం చేయాలి, రాకపోకలు ఉండాలి, సైన్యం మాత్రం ఇంటి దగ్గరే ఉండాలి.

రాజంపేట అబ్బాయి
రఘు అన్నా, నేను పుస్తకాల్లోంచి చెప్పను. మా నాయన 1990లో కువైట్ సిటీలో ఒక కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) ఇంట్లో డ్రైవర్. ఆగస్టు 2 తెల్లవారేసరికి వీధుల్లో ఇరాక్ ట్యాంకులు. కఫీల్ కుటుంబం సౌదీకి వెళ్లిపోయింది. రావాల్సిన జీతం పోయింది. దాచుకున్న కువైట్ దినార్లను సద్దాం చెల్లకుండా చేశాడు. మా నాయన, ఇంకా మా వైపు వాళ్లు బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరారు. ఎడారిలో గుడారాలు, లారీలో నీళ్లు వస్తే తోపులాట. అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) ఒక్కటే చొక్కా లోపల పెట్టుకుని, అమ్మాన్‌లో ఎయిర్ ఇండియా విమానం ఎక్కి బొంబాయిలో దిగినాడు. అట్లా అప్పుడు 1,70,000 మందికి పైగా భారతీయులు ఇంటికొచ్చారు. మా కడప జిల్లాలో ఆ కథ లేని ఊరు తక్కువ.

తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం అన్నారు. కాగితాలు పెడతానని ఒక ఏజెంటు తీసుకుపోయినాడు. కాగితాలూ రాలేదు, డబ్బూ రాలేదు.

1991 ఫిబ్రవరిలో సద్దాంను తరిమిందెవరు? అమెరికా. ఆ తర్వాతే మా నాయన మళ్లీ కువైట్ పోయినాడు, నేను ఆ డబ్బుతోనే చదువుకున్నా. మీ పన్ను సంగతీ చెప్తా. ఆ యుద్ధానికి అయిన ఖర్చు దాదాపు 61 బిలియన్ డాలర్లు. అందులో 50 బిలియన్లకు పైగా సౌదీ, కువైట్, జపాన్, జర్మనీ లాంటి దేశాలే కట్టాయి. మరి మీ పే స్టబ్ మీద పడిందెంత?

చెరువుగట్టు
లిబర్టేరియన్లు నెత్తిన పెట్టుకునే కాంగ్రెస్ సభ్యుడు రాన్ పాల్ 2001లో అధ్యక్షుడికి సైన్యాన్ని వాడే అధికారమిచ్చిన యుద్ధాధికార తీర్మానానికి అనుకూలంగా ఓటేశాడు. ముందు దానికి జవాబు చెప్పండి.

డాలస్ రఘు
చెరువుగట్టు గారు, 2001 సెప్టెంబర్ 11న దాడి జరిగింది అమెరికా మీద. చేసినవాళ్లను పట్టుకోవడం ఆత్మరక్షణ. 2002లో ఇరాక్ మీద యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానానికి ఆయనే వ్యతిరేకంగా ఓటేశాడు.

రాజంపేట తమ్ముడూ, నాన్నగారు పడ్డ కష్టం మీద నాకు గౌరవం ఉంది. ఇతర దేశాలు డబ్బు కట్టిన మాట కూడా నిజమే. అయితే ఆ లెక్క 1991తో తీరిపోలేదు. అమెరికా సైన్యం సౌదీలో ఉండిపోయింది. ఇరాక్ ఆకాశంలో అమెరికా విమానాలు 2003 వరకు తిరుగుతూనే ఉన్నాయి. ఇరాక్ మీద పెట్టిన ఆర్థిక ఆంక్షల వల్ల బాగ్దాద్ ఆసుపత్రుల్లో మందులు లేకుండా పోయాయి. 1996లో సౌదీలో అమెరికా సైనికులు ఉండే ఖోబర్ టవర్స్ మీద బాంబు దాడిలో 19 మంది అమెరికా సైనికులు చనిపోయారు. అదే ఏడాది బిన్ లాడెన్ ప్రకటించిన యుద్ధానికి చెప్పిన ముఖ్య కారణం ఆ గడ్డ మీద అమెరికా సైన్యం ఉండటమే. 2003లో మళ్లీ ఇరాక్. ఈసారి దాదాపు 4,400 మంది అమెరికన్లు చనిపోయారు. అంతకు ఎన్నో రెట్ల మంది ఇరాకీలు. కువైట్ విడుదలను వీటన్నిటి నుంచి విడదీసి చూపిస్తే ఒప్పుకోను.

చెరువుగట్టు
ఓటేశాడా లేదా?

వసుంధర
రఘు గారి గొలుసులో ఒక లంకె బలహీనంగా ఉంది. లాడెన్ ఒక కారణం చెప్పాడు కాబట్టి ఆ కారణమే సత్యమని ఎలా తీసుకుంటాం? తన మనుషుల్ని రెచ్చగొట్టడానికి పనికొచ్చే మాటే ఎవరైనా చెబుతారు.

ఇంకొకటి. చేతులు కట్టుకుని కూర్చుంటే రక్తం కారదని మీరు అనుకుంటున్నట్టుంది. 1991 మార్చిలో ఏం జరిగిందో చూడండి. సద్దాంను దించేయమని అధ్యక్షుడు బుష్ ఫిబ్రవరిలో ఇరాక్ ప్రజలకు బహిరంగంగా పిలుపిచ్చాడు. దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు లేచారు. అమెరికా సైన్యం పక్కనే ఉండి కదల్లేదు. సద్దాం హెలికాప్టర్లు వాళ్లను వెంటాడి చంపాయి. లక్షల మంది కుర్దులు మంచులో కొండలెక్కారు. ఏప్రిల్‌లో ఉత్తర ఇరాక్‌లో రక్షణ ప్రాంతం ఏర్పాటు చేశాకే కిందికి దిగగలిగారు. మీరు తప్పుపడుతున్న ఆ విమానాలే కుర్దుల్ని కాపాడాయి.

డాలస్ రఘు
మేడమ్, మీరు చెప్పింది నా వైపు సాక్ష్యం. తిరగబడమని వాళ్లకు చెప్పిందెవరు? ఆ పిలుపే జోక్యం. ఆశపెట్టి, లేపి, వదిలేశారు. ఒక దేశంలో ఎవరు ఎవరితో కలుస్తారో, ఏ తెగ ఏం చేస్తుందో వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్లకు తెలియదు. బ్రెడ్డు ధర ఎంతుండాలో నిర్ణయించే తెలివి ప్రభుత్వానికి లేదంటాం కదా, ఇరాక్‌లోని బస్రాలో ఎవరు పాలించాలో నిర్ణయించే తెలివి మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?

ఉప్పుగాలి
విశాఖ నుంచి ఒక మాట. 1971 డిసెంబర్‌లో నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకను బంగాళాఖాతంలోకి పంపాడు, అదీ పాకిస్తాన్ పక్షాన. అమెరికా జోక్యం అంటే మా ఇళ్లలో గుర్తొచ్చేది అదే. రఘు గారికి నా మద్దతు.

వసుంధర
అయితే అదే 1971లో మనం చేసిందేమిటి? తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) ఊచకోత జరుగుతుంటే అక్కడి విముక్తి దళం ముక్తివాహినికి ఆయుధాలిచ్చాం, శిక్షణ ఇచ్చాం. యుద్ధం అధికారికంగా మొదలైన డిసెంబర్ 3కు ముందే, నవంబర్‌లోనే మన సైన్యం సరిహద్దు దాటి గరీబ్‌పూర్‌లో పోరాడింది. రఘు గారి సూత్రం ప్రకారం ఇందిరాగాంధీ చేసింది తప్పా? సూటిగా చెప్పండి.

డాలస్ రఘు
కోటి మంది శరణార్థులు మన గడ్డ మీదికొచ్చారు. ఆ భారం మన మీద పడింది, కాబట్టి అది మన గొడవే. టెక్సాస్‌కీ కువైట్‌కీ అలాంటి సంబంధం ఏముంది?

వసుంధర
అంటే చనిపోయేవాళ్లు సరిహద్దు దాటి మన దగ్గరికొస్తేనే లెక్క. దాటలేక అక్కడే పోతే లెక్క లేదు. మీ సూత్రం అక్కడికే వచ్చి ఆగుతుంది.

చెరువుగట్టు
2001 తీర్మానం ప్రతినిధుల సభలో 420-1తో గెలిచింది. వ్యతిరేకించిన ఆ ఒక్కరూ బార్బరా లీ. ఆవిడ డెమొక్రాట్, లిబర్టేరియన్ కాదు. అరవై పదాల ఆ తీర్మానాన్ని చూపించి ఎన్ని దేశాల్లో బాంబులు వేశారో అందరికీ తెలుసు. ముందే పసిగట్టింది ఆవిడ, రాన్ పాల్ కాదు. నేను మొదటి నుంచీ అడుగుతున్నది ఇదే.

రాజంపేట అబ్బాయి
అన్నా, ఒక మాట గట్టిగానే అంటా. డాలస్‌లో సొంతిల్లు కట్టుకుని, సిటిజన్‌షిప్ తెచ్చుకుని, 'సంబంధం ఏముంది' అనడం సులభం. మిమ్మల్ని ఆ దేశం రానిచ్చింది. తలుపు మీ వెనకాల మూసేస్తే చాలా? మా నాయన లాంటివాళ్లకు ఏ సైన్యమూ లేదు. కువైటీల చిన్న సైన్యం ఇరాక్ ముందు నిలవలేకపోయింది. ఇంట్లోకి దొంగ దూరితే వీధిలో బలమున్నవాడు రావాలా వద్దా? మీకు పన్ను మిగలడం ముఖ్యం. మనిషి కాదు.

డాలస్ రఘు
డబ్బు కోసం మాట్లాడుతున్నానని అన్నారు కాబట్టి, చెప్పకూడదనుకున్నది చెబుతున్నాను. మావాడికి పద్దెనిమిది నిండగానే సెలెక్టివ్ సర్వీస్‌లో (నిర్బంధ సైనిక భర్తీ కోసం పేర్లు రాసుకునే ప్రభుత్వ సంస్థ) పేరు నమోదు చేయించాల్సి వచ్చింది. మగపిల్లలందరికీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కూడా, అది తప్పనిసరి. కొన్నాళ్లకు నంబరు వేసిన చిన్న కార్డు పోస్టులో వచ్చింది. నిర్బంధ సైనిక భర్తీ 1973లో ఆగిపోయింది, సరే. కానీ 1980లో ఈ నమోదును మళ్లీ మొదలుపెట్టారు, ఇప్పటికీ తీసేయలేదు. వాళ్లమ్మ ఆ కార్డు చేత్తో పట్టుకుని "ఇది దేనికి?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అవసరమైతే తీసుకుపోవడానికి పేర్లు రాసి పెట్టుకున్నారు, అంతే. మీ నాన్నగారి కోసం నేను ఇష్టపడి వెళ్తే అది నా ధర్మం. నా కొడుకును పంపే హక్కు ఇంకొకరికి ఎలా వచ్చింది? నన్ను మనసులేనివాడిని చేసే ముందు దీనికి జవాబు చెప్పండి.

నిర్వాహకుడు
ఇళ్లూ సిటిజన్‌షిప్‌ల జోలికి వెళ్లకండి. చర్చ తెరిచే ఉంచుతున్నాను.

వసుంధర
ఇన్ని పోస్టుల తర్వాత అసలు తేడా బయటపడింది. లాడెన్ కాదు, 61 బిలియన్లూ కాదు. ఆపదలో ఉన్న పరాయివాడి కోసం మూడో మనిషిని బలవంతపెట్టవచ్చా అన్నదే ప్రశ్న. రఘు గారు కుదరదంటున్నారు. నేను కొన్నిసార్లు తప్పదంటాను. కరువు వచ్చినప్పుడు పన్ను వసూలు చేసి గంజి పోయించడం కూడా బలవంతమే, దాన్ని నేను సమర్థిస్తాను.

రాజంపేట అబ్బాయి
కొడుకు మాట తెచ్చారు కాబట్టి గొంతు తగ్గిస్తున్నా, వాదన తగ్గించట్లేదు. 1991లో గల్ఫ్‌కు పోయిన 5 లక్షల మంది అమెరికా సైనికుల్లో ఆ యుద్ధం కోసం నిర్బంధంగా చేర్చినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ ఇష్టపడి చేరినవాళ్లే. పైగా బుష్ కాంగ్రెస్‌కు పోయినాడు. జనవరిలో ఓటింగ్ జరిగింది, సెనేట్‌లో 52-47. మీరు అడిగేది అదే కదా? బలవంతం లేదు, ఓటు ఉంది, ఖర్చు బయటివాళ్లది. ఇంకేం కావాలి?

డాలస్ రఘు
కాంగ్రెస్‌కు వెళ్లాడు, అది మంచిదే. 2011లో లిబియా మీద బాంబులేసినప్పుడు ఒబామా ఆ పాటి కూడా చేయలేదు. కానీ 1990లో గల్ఫ్ కోసమే స్టాప్-లాస్ పెట్టారు. గడువు తీరినవాడినీ ఇంటికి పంపకుండా ఆపారు. ఇష్టపడి చేరడం వేరు, ఇష్టంగా ఉండటం వేరు. గెలవడమొక్కటే ఓటుకు పరమార్థమైతే 2002లో ఇరాక్ తీర్మానం కూడా గెలిచింది, సెనేట్‌లో 77-23. అదీ సరైనదే అంటారా?

రాజంపేట అబ్బాయి
2002ది అనను. అప్పుడు సద్దాం ఎవరి దేశాన్నీ ఆక్రమించలేదు. 1990లో ఆక్రమించాడు. నా గీత అక్కడుంది. మీ గీత మీ దేశపు సరిహద్దు దగ్గరుంది. చందాలు వేసుకుని, ఇష్టమున్నవాళ్లు పోయి సద్దాంను ఆపేవాళ్లంటే నేను నమ్మను. ఎట్లా ఆపేవాళ్లో చెప్పండి, చదువుతా.