రష్‌గా ఉంది అంటే ఇంగ్లీషులో జనం ఉన్నారని కాదు

"బస్సు చాలా రష్‌గా ఉంది" అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలని ఒకరు అడిగారు, దానికి వచ్చిన జవాబులన్నీ చూశాను, ప్రతి దాంట్లోనూ రష్ ఉంది. చిక్కంతా ఆ మాటతోనే. మనకి రష్ అంటే జనం. ఇంగ్లీషులో రష్ అంటే తొందర, పరుగు, లేదా ఒక్కసారిగా ఎగబడటం. "ఐయామ్ ఇన్ ఎ రష్" అంటే తొందరలో ఉన్నానని, జనంలో ఇరుక్కున్నానని కాదు. రష్ అవర్‌లోంచి అవర్‌ని వదిలేసి రష్‌ని మాత్రం తెచ్చుకుని మనం జనం అనే అర్థం అంటగట్టామేమో అని నా అనుమానం. తెలుగులో మాట్లాడుతూ రష్ అంటే తప్పేమీ లేదు, అది ఎప్పుడో మన మాట అయిపోయింది. ఇంగ్లీషు వాక్యం రాసేటప్పుడు మాత్రం "ద బస్ ఈజ్ క్రౌడెడ్" అనండి, కాలు పెట్టే సందు కూడా లేకపోతే "ప్యాక్డ్" అనండి.

క్రౌడీ అని మాత్రం రాయకండి. నాయిజ్‌కి నాయిజీ ఉంది కాబట్టి క్రౌడ్‌కి క్రౌడీ ఉంటుందని అనుకుంటాం, కానీ ఆ అర్థంలో ఆ మాట లేదు. ఉన్న క్రౌడీ స్కాట్లండులో చేసే ఒక మెత్తటి జున్ను పేరు. బజారు క్రౌడీగా ఉందంటే ఏమని అర్థం చేసుకుంటారో మీరే ఊహించుకోండి.

ఇంకో మాట, జనం ఉన్నారన్న అర్థంలో మనం అసలు వాడం, వాళ్లు తెగ వాడతారు: బిజీ. మనకి బిజీ అంటే మనిషే, పనిలో మునిగినవాడు. వాళ్లకి వీధి, హోటలు, స్టేషను కూడా బిజీ. మామూలు జనం ఉన్నప్పుడు క్రౌడెడ్ కంటే బిజీయే సహజంగా వినిపిస్తుంది. పైగా క్రౌడెడ్‌లో కొంచెం విసుగు ఉంటుంది, బిజీలో ఉండదు. తమ కొట్టు బిజీగా ఉందని యజమాని సంతోషంగా చెప్పుకుంటాడు, క్రౌడెడ్ అని ఊరికే పొగుడుకోడు.

"హెవీ క్రౌడ్" గురించి కూడా ఒకరు అడిగారు. ట్రాఫిక్ హెవీ అవుతుంది, వాన హెవీ అవుతుంది, జనం మాత్రం బిగ్ లేదా లార్జ్. "పబ్లిక్ బాగా వచ్చారు" అన్నదీ అంతే, పబ్లిక్ అంటే ఇంట్లో కూర్చున్నవాళ్లతో సహా అందరూ, అక్కడికి వచ్చినవాళ్లు క్రౌడ్ మాత్రమే.

మాబ్ విషయంలో జాగ్రత్త. అది గుంపు కాదు, మూక. లాటిన్‌లో "మోబిలె వల్గస్", అంటే నిలకడ లేని జనం అన్న మాటని కత్తిరించి 17వ శతాబ్దంలో మాబ్ చేశారు, 1710లో రచయిత జోనథన్ స్విఫ్ట్ ఇలాంటి కత్తిరింపు మాటల మీద చిరాకు పడ్డాడు కూడా. చిరాకు పడ్డా మాట మాత్రం నిలిచింది. అదే క్రియగా వాడితే కాస్త మెత్తబడుతుంది, అభిమానులు చుట్టుముట్టినా "మాబ్డ్ బై ఫ్యాన్స్" అనే అంటారు.

ఇక తొక్కిసలాట. దీని దగ్గర నాకు రెండు భాషల మీదా ఫిర్యాదు ఉంది. పేపర్లలో దీనికి స్టాంపీడ్ అని రాస్తారు. ఆ మాట స్పానిష్ ఎస్టాంపీడా నుంచి అమెరికా ఇంగ్లీషులోకి వచ్చింది, మొదట్లో బెదిరి పరుగెత్తే పశువుల మందల గురించి వాడేవాళ్లు. జనం చనిపోయిన చాలా ఘటనల్లో అసలు పరుగెత్తడానికి చోటే ఉండదు. చదరపు మీటరుకి ఐదారుగురు దాటాక కాళ్లు మన మాట వినవు, గుంపు మొత్తం నీళ్లలా అటూ ఇటూ ఊగుతుంది, ఛాతీ కదిలే చోటు లేక నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఊపిరాడక పోతారు. 1989లో ఇంగ్లండులోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో 97 మందిని, 2022లో దక్షిణ కొరియా రాజధాని సోల్ నగరంలోని ఇటేవాన్ సందులో 159 మందిని బలి తీసుకున్నది ఆ ఒత్తిడే. అందుకే జనభద్రత మీద పనిచేసేవాళ్లు స్టాంపీడ్ వద్దు, క్రౌడ్ క్రష్ (గుంపులో నలిగిపోవడం) అనండి అంటారు. స్టాంపీడ్ అన్నామంటే తప్పంతా బెదిరిపోయిన జనానిదే అయిపోతుంది, క్రష్ అన్నామంటే అంతమందిని అక్కడికి ఎవరు వదిలారన్న ప్రశ్న వస్తుంది. మన తొక్కిసలాటలోనూ తొక్కడమే ఉంది, నలగడం లేదు. "ఒత్తిడికి నలిగి ఊపిరాడక" అని రాస్తే కాస్త పొడుగవుతుంది గానీ జరిగింది అదే కదా.

పోలికల్లో మాత్రం మనదే పైచేయి, నాకైతే అలాగే అనిపిస్తుంది. వాళ్లు "ప్యాక్డ్ లైక్ సార్డీన్స్" అంటారు, డబ్బాలో కుక్కిన చేపలన్నమాట, ఆ మాట అన్నవాడు డబ్బా లోపల ఇరుక్కుని ఉన్నాడు. మన "ఇసకేస్తే రాలనంత జనం" అన్నవాడు ఎక్కడో మేడమీద నిలబడి, చేతిలో ఇసక పట్టుకుని కిందికి చూస్తున్నాడు. దాన్ని యథాతథంగా ఇంగ్లీషులో పెడితే ఎవరికీ అర్థం కాదు, ప్యాక్డ్‌తో సరిపెట్టుకోవాల్సిందే. కిటకిట, కిక్కిరిసి లాంటి వాటికి సరిపడే చప్పుడున్న మాట నాకింతవరకు తగల్లేదు, ఎవరికైనా తడితే చెప్పండి.

చివర్లో అడిగిన వ్యాకరణం ప్రశ్న: "ద క్రౌడ్ వాజ్" అనాలా, "వర్" అనాలా? గుంపు మొత్తం ఒక్కటిగా అనుకుంటే వాజ్. ఎవరికి వాళ్లు అరుస్తున్నారనుకుంటే బ్రిటిష్ ఇంగ్లీషులో వర్ కూడా చెల్లుతుంది, అమెరికాలో వాజ్‌కే మొగ్గు. పరీక్ష కోసమైతే వాజ్ రాసేయండి.