అమెరికా 401(కె) ఖాతాలో హనుమకొండ చిరునామా ఎక్కడం లేదు

పదకొండేళ్ల తర్వాత జూన్‌లో అమెరికా నుంచి హనుమకొండకు వచ్చేశాం. అక్కడి 401(కె) ఖాతాను, అంటే ఉద్యోగం ద్వారా కూడబెట్టిన రిటైర్మెంటు పొదుపును, ఇప్పుడే కదపను. 59½ ఏళ్లు నిండకుండా తీస్తే సాధారణంగా ఆదాయపు పన్నుకు తోడు 10 శాతం అదనపు పన్ను పడుతుంది. చిక్కు చిరునామాతోనే. లాగిన్ అవుతోంది, దేశాల జాబితాలో భారత్ ఉంది, కానీ పిన్‌కోడ్ గడి అయిదంకెలే తీసుకుంటుంది. 506001లో చివరి ఒకటిని మింగేసి, తప్పు కోడ్ అని నన్నే దబాయిస్తుంది! రెండుసార్లు ఫోన్ చేశాను. ఓటీపీ పాత అమెరికా నంబరుకే పంపుతామన్నారు. దాన్ని జూలైలోనే రద్దు చేసుకున్నాను, నా తెలివితక్కువతనమే. పన్ను లెక్కల్లో నేను విదేశీయుణ్ణని తెలిపే డబ్ల్యూ-8బెన్ ఫారం, పాస్‌పోర్టు నకలు కొరియర్‌లో పంపి మూడు వారాలైంది, జవాబు లేదు.

పాత నంబరు లేకుండా భారత చిరునామా, ఫోను నంబరు ఎక్కించుకున్నవారు ఏ పత్రాలు పంపారు?