డాట్ ఆర్గ్ పేరు చిక్కులో పడితే జవాబు చెప్పేదెవరు?

ప్రశ్న: మల్లేశ్వరం_గ్రంథాలయం

బెంగళూరులో మా తెలుగు గ్రంథాలయ ట్రస్టు సైటుకి డాట్ ఆర్గ్ డొమైన్ పేరుంది. సైటు కట్టిన డిజైనరే దాన్ని కొనిపెట్టారు. వేరే రిజిస్ట్రార్‌కి (పేర్లు నమోదుచేసి అమ్మే కంపెనీకి) మారదామంటే, బదిలీకి కావలసిన ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వట్లేదు, సైటు పని డబ్బులు బాకీ అంటున్నారు. కమిటీలో సగంమంది "డాట్ ఇన్‌కి వెళ్లిపోదాం, కనీసం మన ప్రభుత్వాన్ని అడగొచ్చు, ప్రపంచంలో డొమైన్ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థని అడిగేవాడెవడు?" అంటున్నారు. కోడ్ రాబట్టేదెలా? ఐకాన్‌కి నిజంగానే పైన ఎవరూ లేరా?

జవాబు: ఆథ్‌కోడ్

ముందు కోడ్ సంగతి చూద్దాం. పేరు ఎవరి పేరున నమోదైందో తేల్చుకోండి. ఐకాన్ లుకప్‌లో రిజిస్ట్రార్ ఎవరో, గడువు తేదీ, బదిలీని ఆపే లాక్ ఉందో లేదో కనిపిస్తాయి. యజమాని వివరాలు మాత్రం 2018 మే నుంచి చాలావాటికి కనబడవు, యూరప్ గోప్యతా చట్టం పుణ్యమా అని. అందుకని రిజిస్ట్రార్‌నే రాసి అడగాలి. ట్రస్టు పేరున ఉంటే సరే. డిజైనరు పేరున ఉంటే ఐకాన్ లెక్కలో యజమాని ఆయనే, మీ ఫిర్యాదు మొదటి మెట్టు మీదే ఆగుతుంది. అప్పుడు బిల్లులు, ట్రస్టు తీర్మానం పట్టుకుని వకీలు దగ్గరికే.

మీ పేరునే ఉంటే డిజైనరుతో వాదన మానేసి, ఆయన ఏ రిజిస్ట్రార్‌కి రీసెల్లరో (ఎవరి తరఫున పేర్లు అమ్ముతారో) వాళ్లకే మెయిల్ పెట్టండి. రీసెల్లర్ చేసినదానికి బాధ్యత రిజిస్ట్రార్‌దే. కోడ్ అడిగిన 5 రోజుల్లో ఇవ్వాలి. డొమైన్ ఫీజు బాకీ వేరే సంగతి, సైటు డిజైను బాకీ మాత్రం కోడ్ ఆపడానికి కారణం కాదు. 5 రోజులు దాటితే రిజిస్ట్రార్లు నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే ఐకాన్ కంప్లయన్స్ విభాగానికి ట్రాన్స్‌ఫర్ ఫిర్యాదు పెట్టి, మీరు అడిగిన మెయిల్ తేదీ కనిపించేలా జతచేయండి.

ఈ మధ్యలో యజమాని పేరు గానీ ఈమెయిల్ గానీ మార్చకండి, 60 రోజుల లాక్ పడొచ్చు. గడువు దగ్గరపడితే ముందు రెన్యూ చేసేయండి. గడువు దాటి పేరు తొలగిస్తే 30 రోజులు రిడెంప్షన్‌లో ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవడానికి విడిగా రుసుము. అదీ దాటితే మరో 5 రోజులకి ఎవరైనా కొనుక్కోవచ్చు.

జవాబు: రూట్‌జోన్

రెండో ప్రశ్నకి: 2016 అక్టోబర్ 1 దాకా అమెరికా వాణిజ్య శాఖ ఒప్పందం పైన ఉండేది. అది ముగిశాక జరిగిన తొలి ఐకాన్ సమావేశం నవంబర్‌లో మన హైదరాబాద్‌లోనే. ఆ ఒప్పందం స్థానంలో వచ్చింది ఎంపవర్డ్ కమ్యూనిటీ. ఇందులో ఐదు పక్షాలు: ఐపీ చిరునామాల సంస్థలు, దేశాల డొమైన్ల నిర్వాహకులు, డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి జనరిక్ పేర్ల వర్గం, ప్రభుత్వాల సలహా కమిటీ, మామూలు వాడుకరుల తరఫున అట్-లార్జ్ కమిటీ. బడ్జెట్ తిప్పికొట్టాలన్నా, బోర్డు మొత్తాన్నీ ఇంటికి పంపాలన్నా నలుగురు ఒప్పుకోవాలి, వ్యతిరేకించేవాళ్లు ఒకరికి మించకూడదు. తిప్పికొట్టే పిటిషన్‌కి 21 రోజులే గడువు. బోర్డుని ఇంతవరకు ఎవరూ ఇంటికి పంపలేదు.

డొమైన్ యజమానికి అందులో ఓటు లేదు. ఐకాన్ నిర్ణయం నేరుగా దెబ్బతీస్తే 30 రోజుల్లో పునఃపరిశీలన అడగొచ్చు. ఆపైన స్వతంత్ర సమీక్ష, అది మధ్యవర్తుల ముందు నడిచే కేసు. 2010లో డాట్ ట్రిపుల్ ఎక్స్ డొమైన్ కోరినవాళ్లు గెలిచింది ఇందులోనే. మీ గ్రంథాలయం బడ్జెట్‌తో ఆ గుమ్మం ఎక్కలేం.

డాట్ ఆర్గ్ కథ చూడండి. 2019 జూన్‌లో ధర ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితిని ఐకాన్ ఎత్తేసింది. వచ్చిన వ్యాఖ్యలు 3 వేలకు పైనే, దాదాపు అన్నీ వ్యతిరేకమే, అయినా ఎత్తేశారు. నవంబర్‌లో ఇంటర్నెట్ సొసైటీ అనే లాభాపేక్ష లేని సంస్థ డాట్ ఆర్గ్ రిజిస్ట్రీని (ఆ పేర్ల మొత్తం జాబితా నడిపే సంస్థని) ఈథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి కంపెనీకి 113.5 కోట్ల డాలర్లకి అమ్ముతున్నట్టు బయటికొచ్చింది. 2020 ఏప్రిల్ 15న కాలిఫోర్నియా అటార్నీ జనరల్ వద్దని లేఖ రాశారు, ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు అనుమతి నిరాకరించింది. ఇంత యంత్రాంగం కట్టుకున్నాక కూడా పని చేసింది ఒక రాష్ట్ర అధికారి లేఖ!

జవాబు: బైలాస్_బాబాయ్

రూట్‌జోన్ గారూ, చివరి మాట ఒప్పుకోను. రిజిస్ట్రీ చేతులు మారాలంటే ఐకాన్ అనుమతి కావాలన్న నిబంధన ఒప్పందంలో ముందే ఉంది. నెలల తరబడి ఎన్‌జీవోలు అరిచిన అరుపే ఆ నిబంధనకి పదునుపెట్టింది. లేఖ బరువు పెంచింది, అంతే. కానీ ధరల పరిమితి మళ్లీ పెట్టలేదు, అక్కడ మీరన్నదే నిజం. అందుకని గ్రంథాలయంవారికో చిట్కా: రెన్యువల్ ధర పెంచాలంటే రిజిస్ట్రీ రిజిస్ట్రార్లకి ఆరునెలల ముందు చెప్పాలి. ఆ వార్త రాగానే పాత ధరకే రెన్యూ చేసేయండి, మొత్తం గడువు 10 ఏళ్ల దాకా వస్తుంది.

జవాబు: నిక్సీ_పక్కసందు

డాట్ ఇన్ అంటే ఐకాన్ కంప్లయన్స్ ఫిర్యాదు తీసుకోదు, అది దేశం డొమైన్. దాని నియమాలు, డాట్ ఇన్‌ని నడిపే మన దేశపు సంస్థ నిక్సీవి. పేరు హక్కుల తగాదాకి ఐకాన్ తగాదా విధానమైన యూడీఆర్‌పీ కాదు, డాట్ ఇన్‌కి విడిగా ఉన్న ఐఎన్‌డీఆర్‌పీ వర్తిస్తుంది. సమాచార హక్కు దరఖాస్తు నిక్సీకి పెట్టొచ్చు, ఐకాన్‌కి దాని సొంత పత్రాల విధానం ఉంది, జవాబుకి 30 రోజులు. "మన ప్రభుత్వం" అన్నంత మాత్రాన కోడ్ మాత్రం ఊడిపడదు. డాట్ ఇన్ పేరు కూడా ఆ డిజైనరు చేతే కొనిపిస్తే మళ్లీ ఇదే తంతు.

ప్రశ్న అడిగినవారు

రిజిస్ట్రార్‌కి ఇవాళే మెయిల్ పెట్టాం. మెయిల్ ఐడీ ట్రస్టుదే, యజమాని పేరు దగ్గర "అడ్మిన్" అని మాత్రమే ఉంది. దీన్ని సరిచేస్తే ఆ 60 రోజుల లాక్ పడుతుందా?

జవాబు: ఆథ్‌కోడ్

పడొచ్చు. కొందరు రిజిస్ట్రార్లు లాక్ వద్దని ముందే టిక్ పెట్టే వీలిస్తారు, అది అడగండి. లేదంటే ముందు ట్రాన్స్‌ఫర్, తర్వాత పేరు దిద్దుబాటు.